ఎల్‌ఎం3886 స్టీరియో ఆంప్: ఎర్త్ పిన్ తీస్తే హమ్ పోతోంది, కుడి హీట్‌సింక్ మాత్రం కాలిపోతోంది

#1 మల్కాజిగిరి_ఆంప్

అందరికీ నమస్కారం. ఎల్‌ఎం3886 చిప్‌లు రెండు పెట్టి స్టీరియో ఆంప్ కట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24, 5 ఆంప్స్, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నది. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి ఒకటే, ప్లస్‌కి ఒకటి మైనస్‌కి ఒకటి 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. ±34 వోల్టులు వస్తున్నాయి. బోర్డులు ఆన్‌లైన్‌లో తెప్పించినవి, గైన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) 21. క్యాబినెట్ ఇనుప రేకుది.

పాట చాలా బాగా వస్తోంది. కానీ మూడు ఇబ్బందులు. ఏమీ కనెక్ట్ చేయకపోయినా స్పీకర్లలో సన్నగా జర్ర్‌మని శబ్దం ఉంటోంది. కంప్యూటర్ నుంచి ఆర్‌సీఏ వైరు గుచ్చగానే గుమ్మ్‌మని పెద్ద హమ్ మొదలవుతోంది. ఇక కుడి వైపు హీట్‌సింక్ పాట పెట్టకుండానే చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది, ఎడమది గోరువెచ్చగా ఉంటుంది అంతే.

ప్లగ్‌లో ఎర్త్ వైరు తీసేస్తే కంప్యూటర్ హమ్ పూర్తిగా పోతోంది. "అందరూ అలాగే వాడతారు, వదిలెయ్" అంటున్నాడు మా ఫ్రెండ్. అలా వాడొచ్చా?

#2 ఎర్త్‌పిట్

వాడొద్దు. ఇది చదవగానే ఆ ఎర్త్ వైరు మళ్లీ కట్టేయండి, మిగతా సంగతులు తర్వాత.

నేను గుంటూరులో ఇళ్లకి వైరింగ్ పని చేస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఇన్సులేషన్ పోయినా, స్విచ్ దగ్గర ఫేజ్ వైరు ఊడి రేకుకి తగిలినా, ఎర్త్ ఉంటే కరెంటు ఆ వైరు గుండా వెళ్లి ఫ్యూజు కొట్టేస్తుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) ఉంటే 30 మిల్లీఆంప్స్‌కే ట్రిప్ అవుతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు, పాట కూడా వస్తూనే ఉంటుంది. అదే వోల్టేజ్ ఆర్‌సీఏ వైరు షీల్డ్ మీదుగా కంప్యూటర్ బాడీకి వెళ్తుంది. అప్పుడు వాల్యూమ్ నాబ్ ముట్టుకున్న మనిషి గుండానే కరెంటు పోతుంది. ఇంట్లో పిల్లలుంటారు, అది మర్చిపోకండి.

సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజ్ ఎంతుందో మీటర్‌తో చూసి చెప్పండి. రెండు మూడు వోల్టుల్లోపు ఉంటే ఫర్వాలేదు. ముప్పై, నలభై చూపిస్తే ఎర్త్ వైరు మధ్యలో ఎక్కడో తెగిందని అనుమానించాలి. అలాగైతే ఆంప్ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

#3 పాతట్రాన్సిస్టర్

పైన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదు. బాబూ, ఎర్త్ వైరు కట్టావా లేదా ముందు చెప్పు.

మూడు ఇబ్బందులూ కలిపి ఒకటే అనుకుంటే ఎటూ తేలదు. జర్ర్ వేరు, గుమ్మ్ వేరు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. బయటి నుంచి ఎర్త్ లూప్ గుండా వచ్చేది, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచి పట్టుకునేది ఎక్కువగా 50 హెర్ట్జ్, అది మెత్తగా గుమ్మ్‌మంటుంది. బ్రిడ్జి దాటాక కెపాసిటర్లని ఛార్జ్ చేసే పల్స్‌లు సెకనుకి 100. వాటి అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి 200, 300, ఇంకా పైకి కూడా హార్మోనిక్స్ ఉంటాయి. అది జర్ర్‌మంటుంది. చెవికి తేడా తెలియకపోతే ఫోన్‌లో ఏదైనా స్పెక్ట్రమ్ యాప్ వేసి స్పీకర్ దగ్గర పెట్టు, గీత ఎక్కడ లేస్తోందో కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. రెండు ఆర్‌సీఏ ప్లగ్‌లు తీసుకుని వాటి మధ్య పిన్‌నీ బయటి రింగునీ టంకం పెట్టి షార్ట్ చేసి, ఆంప్ ఇన్‌పుట్లకి గుచ్చు. అప్పుడు కూడా జర్ర్ ఉంటే తప్పు డబ్బా లోపల ఉంది. ఆ తర్వాత లోపల గ్రౌండ్ వైర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో ఒక్కొక్కటిగా రాసి పెట్టు. ఫోటోలో ఆ దారి తెలియదు.

#4 మల్కాజిగిరి_ఆంప్

ఎర్త్ కట్టేశాను సార్. న్యూట్రల్, ఎర్త్ మధ్య 1.8 వోల్టులు ఉంది.

షార్ట్ ప్లగ్‌లు గుచ్చినా జర్ర్ పోలేదు. యాప్‌లో 100 దగ్గర పెద్ద గీత, 200, 300 దగ్గర చిన్నవి. కంప్యూటర్ పెడితే 50 దగ్గర పెద్ద గీత లేస్తోంది.

వైరింగ్ ఇలా ఉంది: ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ మొదటి కెపాసిటర్ కాలుకి. అక్కడి నుంచి రెండో కెపాసిటర్‌కి 5 సెంటీమీటర్ల వైరు, 1 చదరపు మిల్లీమీటర్‌ది. రెండో కెపాసిటర్ నుంచి ఎడమ బోర్డు గ్రౌండ్‌కి, ఎడమ బోర్డు నుంచి కుడి బోర్డుకి. స్పీకర్ నెగెటివ్‌లు ఆయా బోర్డుల మీదే. వాల్యూమ్ పాట్ గ్రౌండ్ దగ్గరలో ఉందని మొదటి కెపాసిటర్‌కి ఇచ్చాను. ఆర్‌సీఏ సాకెట్లు నేరుగా రేకుకి బిగించినవి, ఇన్సులేషన్ వాషర్ లేదు. ఎర్త్ కూడా రేకుకే. బోర్డుల సప్లై వైర్లు విడివిడిగా వెళ్తున్నాయి. కుడి బోర్డు దూరంగా ఉంది కాబట్టి దాని వైర్లు 40 సెంటీమీటర్ల దాకా ఉంటాయి.

#5 పాతట్రాన్సిస్టర్

జర్ర్ ఎక్కడి నుంచి వస్తోందో నువ్వు రాసిన దాంట్లోనే ఉంది.

సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్, ఒకే బ్రిడ్జి ఉన్నప్పుడు ఛార్జింగ్ పల్స్ ఎటు పోతుందో చూడు. వైండింగ్ ఒక కొస నుంచి బయల్దేరి బ్రిడ్జి గుండా ప్లస్ కెపాసిటర్‌లోకి, అక్కడి నుంచి మైనస్ కెపాసిటర్‌లోకి, మళ్లీ బ్రిడ్జి గుండా వైండింగ్ రెండో కొసకి. ప్లస్, మైనస్ మీద లోడ్ సమానంగా ఉంటే సెంటర్ ట్యాప్‌లో దాదాపు ఏమీ పారదు, తేడా ఉన్నంత మేరకే అక్కడ కరెంటు. అసలు పల్స్ మొత్తం పారేది రెండు కెపాసిటర్లని కలిపే ఆ 5 సెంటీమీటర్ల ముక్కలోనే. చాలామంది అదే ముక్కని "గ్రౌండ్" అనుకుని ఎటు వీలైతే అటు వైర్లు కడతారు.

నీ వాల్యూమ్ పాట్ గ్రౌండ్ ఆ ముక్కకి ఒక చివర, బోర్డుల గ్రౌండ్ రెండో చివర. అంటే ఆ ముక్క మీద పడే వోల్టేజ్ నీ పాటతో పాటు ఇన్‌పుట్‌లోకి సిరీస్‌లో వెళ్తోంది. ఇంట్లో నీళ్ల మోటార్ వేయగానే ట్యూబ్‌లైట్ ఒక్కసారి డిమ్ అవుతుంది కదా, ఇద్దరూ ఒకే వైరు పంచుకున్నందుకు. ఇక్కడ జరుగుతున్నదీ అచ్చం అదే.

కుడి బోర్డు గ్రౌండ్ ఎడమ బోర్డు మీదుగా వెళ్లడం ఇంకో తప్పు. కుడి స్పీకర్ కరెంటు ఎడమ బోర్డు గ్రౌండ్ ట్రాక్ మీద నడుస్తుంది. హమ్ సంగతి అలా ఉంచు, దాంతో స్టీరియో విడివిడిగా వినపడడం కూడా పాడవుతుంది. గ్రౌండ్ వైర్లన్నీ విడివిడిగా వచ్చి ఒకే చోట కలవాలి, దాన్నే స్టార్ గ్రౌండ్ అంటారు.

#6 కొత్తగా_సోల్డర్

మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి అన్నా. గ్రౌండ్ అంటే సున్నా వోల్టులు కదా? 5 సెంటీమీటర్ల రాగి వైరులో ఎంత వోల్టేజ్ పడుతుంది, అది స్పీకర్‌లో వినపడేంత ఉంటుందా?

#7 స్కోప్‌వాలా

మంచి ప్రశ్న తమ్ముడూ, లెక్క వేస్తేనే నమ్మకం కుదురుతుంది.

1 చదరపు మిల్లీమీటర్ రాగి వైరు మీటర్‌కి సుమారు 17 మిల్లీఓమ్‌లు. 5 సెంటీమీటర్లకి 0.9 మిల్లీఓమ్ దగ్గర. బ్రిడ్జి ప్రతి 10 మిల్లీసెకన్లలో ఒకటి రెండు మిల్లీసెకన్లే కరెంటు ఇస్తుంది, మిగతా సమయమంతా కెపాసిటరే మోయాలి. అందుకే ఆంప్ సగటున తాగే కరెంటుకి పల్స్ శిఖరం చాలా రెట్లు ఎక్కువ. పాట లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా 2 ఆంప్స్ పల్స్ అనుకుందాం. 2 × 0.9 అంటే 1.8 మిల్లీవోల్టులు. దాన్ని 21తో పెంచితే స్పీకర్ దగ్గర 38 మిల్లీవోల్టులు. 90 డీబీ స్పీకర్‌కి రాత్రిపూట గదిలో కూర్చుంటే అది స్పష్టంగా వినపడుతుంది. పాట గట్టిగా పెడితే పల్స్‌లు ఇంకా పెరుగుతాయి, అప్పుడు జర్ర్ పాటలో కలిసి స్వరాన్ని మురికి చేస్తుంది.

కాబట్టి సర్క్యూట్ డయాగ్రమ్‌లో గ్రౌండ్ గుర్తు ఎన్ని చోట్ల గీసినా, డబ్బాలో ఆ చోట్లన్నీ ఒకే వోల్టేజ్ మీద ఉండవు. మధ్యలో ఉన్న ప్రతి వైరూ ఒక చిన్న రెసిస్టరే. ఫ్రీక్వెన్సీ పెరిగితే ఒక కాయిల్ కూడా.

మల్కాజిగిరి బ్రదర్, మీ వేడి సమస్యకి ఒక కొలత కావాలి. పవర్ ఆపి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాక, ఒక్కో బోర్డు ప్లస్ సప్లై ఫ్యూజు తీసి ఆ స్థానంలో మీటర్‌ని ఆంప్స్ రేంజ్‌లో పెట్టి, ఇన్‌పుట్ షార్ట్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఎల్‌ఎం3886 ఊరికే ఉన్నప్పుడు సుమారు 50 మిల్లీఆంప్స్ తాగుతుంది. ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు వాడండి, ఏదైనా షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది తప్ప చిప్ పోదు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు.

#8 డల్లాస్_డీఐవై

ఇక్కడ మాకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్, కాబట్టి గీతలు 60, 120 దగ్గర లేస్తాయి. కథ మాత్రం అదే.

కంప్యూటర్ హమ్ గురించి రాస్తాను. మీ కంప్యూటర్ మూడు పిన్నులది, దాని బాడీ ఎర్త్‌లో ఉంది. ఆంప్ బాడీ కూడా ఎర్త్‌లో ఉంది. రెండింటినీ ఆర్‌సీఏ షీల్డ్ కలుపుతోంది. గోడల్లో ఉన్న ఎర్త్ వైరు, ఈ షీల్డ్ కలిసి ఒక పెద్ద చుట్టు అయింది. రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాకే షీల్డ్‌లో కరెంటు పారుతుంది. ఆర్‌సీఏలో షీల్డ్ సిగ్నల్ రిటర్న్ కూడా కాబట్టి దాని మీద పడిన వోల్టేజ్ మొత్తం పాటలో కలుస్తుంది. స్టూడియోల్లో బ్యాలెన్స్‌డ్ కనెక్షన్లు వాడేది అందుకే.

ఖర్చు లేని పని ముందు: కంప్యూటర్, ఆంప్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. చుట్టు చిన్నదవుతుంది, హమ్ చాలా తగ్గుతుంది. మదర్‌బోర్డుకి ఆప్టికల్ అవుట్ ఉంటే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డీఏసీ (డిజిటల్ సిగ్నల్‌ని ఆడియోగా మార్చేది) వాడండి. కాంతికి గ్రౌండ్ అవసరం లేదు కాబట్టి లూప్ అక్కడే తెగిపోతుంది. మామూలు యూఎస్‌బీ డీఏసీ అయితే గ్రౌండ్ కంప్యూటర్ నుంచే వస్తుంది, దాంతో లూప్ తెగదు.

డబ్బా లోపల చేసే పని లూప్ బ్రేకర్. రేకు నేరుగా ఎర్త్‌కి, ఆడియో గ్రౌండ్ మాత్రం రేకుకి 10 ఓమ్ రెసిస్టర్ ద్వారా. ఆ రెసిస్టర్‌కి సమాంతరంగా 100 నానోఫారడ్ కెపాసిటర్, 35 ఆంప్స్ బ్రిడ్జి రెక్టిఫయర్. బ్రిడ్జి ప్లస్, మైనస్ కాళ్లు రెండూ కలిపేసి, ఏసీ కాళ్లలో ఒకటి ఆడియో గ్రౌండ్‌కి, ఇంకోటి రేకుకి. లూప్ వల్ల వచ్చే మిల్లీవోల్టులకి డయోడ్‌లు తెరుచుకోవు, కరెంటు 10 ఓమ్‌ల గుండా పోవాలి కాబట్టి అది బాగా తగ్గిపోతుంది. ఇది పని చేయాలంటే మీ ఆర్‌సీఏ సాకెట్లు రేకుకి తగలకుండా వాషర్లు వేయాల్సిందే. ఇప్పుడున్నట్టు తగిలి ఉంటే బ్రేకర్ పెట్టినా పెట్టనట్టే.

#9 ఎర్త్‌పిట్

డల్లాస్ గారు చెప్పిన బ్రేకర్ సరైనదే. అయితే చూసేవాళ్లు తికమక పడకుండా ఒకటి నొక్కి చెప్తాను. 10 ఓమ్‌లు పెట్టేది ఆడియో గ్రౌండ్‌కీ రేకుకీ మధ్య. రేకుకీ ప్లగ్ ఎర్త్‌కీ మధ్య ఏమీ పెట్టకూడదు. ప్లగ్ నుంచి వచ్చే ఆకుపచ్చ వైరు ఒక ప్రత్యేక బోల్టుకి, పెయింట్ గీకేసి, పళ్ల వాషర్ వేసి బిగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకి దాన్ని తగిలించొద్దు.

35 ఆంప్స్ బ్రిడ్జి ఎందుకంటే, ప్రైమరీ వచ్చి సెకండరీకి తగిలితే ఫాల్ట్ కరెంటు ఆ డయోడ్‌ల గుండానే ఎర్త్‌కి పోయి ఫ్యూజు కొట్టాలి. చిన్న 1 ఆంప్ డయోడ్‌లు అంతకుముందే తెగిపోతాయి.

#10 కొత్తగా_సోల్డర్

కంప్యూటర్ అవుట్‌పుట్ ఎలాగూ 1 వోల్ట్ పైనే ఉంటుంది కదా. గైన్ 21 నుంచి 5కి తగ్గిస్తే జర్ర్, గుమ్మ్ రెండూ నాలుగో వంతు అవుతాయి కదా?

#11 స్కోప్‌వాలా

వినడానికి న్యాయంగానే ఉంది, కానీ ఆ చిప్‌తో చేయొద్దు. ఎల్‌ఎం3886కి గైన్ కనీసం 10 ఉండాలని డేటాషీట్‌లోనే ఉంది. కారణం తెలుసుకుంటే మిగతా ఆంప్‌లకీ పనికొస్తుంది.

ఆంప్ తన అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్ నుంచి తీసేస్తుంది, అదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. 1927లో బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్‌కి తట్టిన ఆలోచన ఇది. సమస్య ఏమిటంటే, వెనక్కి వచ్చే సిగ్నల్ కొంత ఆలస్యంగా వస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ ఆలస్యం ఫేజ్‌లో పెద్దదవుతుంది. ఒక చోట 180 డిగ్రీలు అదనంగా తిరిగిపోయి, తీసేయాల్సింది కాస్తా కలిపేయడం అవుతుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర లూప్‌లో ఇంకా ఒకటి కంటే ఎక్కువ గైన్ మిగిలి ఉంటే ఆంప్ తనంతట తానే మోగుతుంది. ఎప్పుడు మోగుతుంది, ఎప్పుడు మోగదు అన్న లెక్కని నైక్విస్ట్ అనే ఇంజనీర్ 1932లో తేల్చాడు.

మనం గైన్ తగ్గించడమంటే ఫీడ్‌బ్యాక్ పెంచడం. అంటే లూప్ గైన్ ఒకటికి పడిపోయే చోటు ఇంకా పై ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది, అక్కడ ఫేజ్ ఇంకా చెడ్డగా ఉంటుంది. ప్రీఆంప్‌లో ఆపాంప్‌లు (చిన్న ఆంప్లిఫయర్ చిప్‌లు) మార్చేవాళ్లూ ఇది చూసుకోవాలి. ఎన్‌ఈ5532 గైన్ ఒకటికైనా నిలకడగా ఉంటుంది. ఎన్‌ఈ5534కి బయట కాంపెన్సేషన్ కెపాసిటర్ లేకపోతే గైన్ కనీసం 3 కావాలి. ఓపీఏ637కి 5. సాకెట్‌లో సరిపోయింది కదా అని గుచ్చేస్తే "ట్రెబుల్ పెరిగింది" అనిపించేది ఒక్కోసారి ఆసిలేషనే, అంటే ఈ తనంతట తానే మోగడమే. లెవల్ ఎక్కువైతే ఇన్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లతో తగ్గించుకోండి. బయటి నుంచి వచ్చే హమ్ కూడా పాటతో పాటు తగ్గుతుంది, ఆంప్ నిలకడకి ఏమీ కాదు.

#12 మల్కాజిగిరి_ఆంప్

కొలిచాను అన్నా. ఎడమ 48 మిల్లీఆంప్స్. కుడి 310.

#13 స్కోప్‌వాలా

310 అంటే ఊరికే ఉన్న చిప్ ±34 మీద 20 వాట్లు లాగుతోంది, అది దాదాపు అంతా వేడే. స్పీకర్ మీద డీసీ లేకపోతే అది ఆసిలేషనే అయి ఉంటుంది. ముందు స్పీకర్ తీసేయండి, లేకపోతే ట్వీటర్ పోతుంది. మనకి వినపడదు కానీ ట్వీటర్ కాయిల్ వేడెక్కుతూనే ఉంటుంది.

స్కోప్ (వోల్టేజ్ అలని తెర మీద చూపించే ఆసిలోస్కోప్) లేకుండా ఇంకో సాక్ష్యం కావాలంటే పాత మీడియం వేవ్ రేడియో దగ్గర పెట్టి డయల్ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడో ఒక చోట స్టేషన్లని మింగేసే క్యారియర్ దొరకొచ్చు. ఆంప్ ఆపితే అది పోవాలి. అలాగే కుడి బోర్డులో అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఉన్న 2.7 ఓమ్ రెసిస్టర్ రంగు మారిందేమో చూడండి. నేను ఉప్పల్‌లో ఉంటాను, వీలైతే స్కోప్ తీసుకొస్తాను.

#14 మల్కాజిగిరి_ఆంప్

మా నాన్నగారి రేడియోలో 738 దగ్గర హైదరాబాద్ స్టేషన్ పెట్టి చూశాను. ఆంప్ ఆన్ చేయగానే స్టేషన్ మాయమై బుస్స్‌మని ఒకటే శబ్దం. ఆపితే మళ్లీ వస్తోంది. 2.7 ఓమ్ రెసిస్టర్ మీద రంగు గీతలు నల్లబడ్డాయి, రెండో గీత అసలు చదవలేను. రండి అన్నా, లొకేషన్ మెసేజ్ చేస్తాను.

#15 బేస్‌రిఫ్లెక్స్

వైజాగ్ నుంచి నమస్తే. పాతట్రాన్సిస్టర్ గారి స్టార్ గ్రౌండ్ మాటతో నాకు ఒక చోట తేడా ఉంది, గౌరవంగానే చెప్తున్నాను.

స్టార్ అనగానే కొత్తవాళ్లు ప్రతి గ్రౌండ్‌నీ లాక్కెళ్లి ఆ ఒక్క బోల్టుకి కడతారు. చిప్ పక్కనే ఉండి దానికి వేగంగా కరెంటు అందించాల్సిన డీకప్లింగ్ కెపాసిటర్ గ్రౌండ్ కూడా. 20 సెంటీమీటర్ల వైరు అంటే సుమారు 200 నానోహెన్రీలు. 5 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 ఓమ్‌లకి పైనే. అంత అడ్డు పెట్టి 100 నానో కెపాసిటర్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. స్టార్ అనేది 100 హెర్ట్జ్‌కి మందు, మెగాహెర్ట్జ్‌కి కాదు.

మల్కాజిగిరి గారి కుడి బోర్డుకి 40 సెంటీమీటర్ల సప్లై వైర్లు, అవీ విడివిడిగా. ఆన్‌లైన్ బోర్డుల్లో చాలావాటికి చిప్ దగ్గర పెద్ద కెపాసిటర్ ఉండదు. నా అనుమానం అక్కడే. చిప్ 1, 5 కాళ్లు ప్లస్, 4వ కాలు మైనస్. ఆ కాళ్ల దగ్గరే, సెంటీమీటర్ రెండు సెంటీమీటర్లలోపు, ప్రతి సప్లైకీ 100 నానో, దానికి సమాంతరంగా 220 మైక్రో పెట్టండి. ఆ నాలుగు కెపాసిటర్ల గ్రౌండ్‌లు, జోబెల్ (అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఉన్న ఆ 2.7 ఓమ్ రెసిస్టర్, కెపాసిటర్ జత) గ్రౌండ్ బోర్డు మీదే ఒక చోట కలవాలి. అక్కడి నుంచి ఒకే ఒక్క వైరు స్టార్‌కి. ఇన్‌పుట్ గ్రౌండ్ ఆ చోటుని ముట్టుకోకూడదు.

#16 పాతట్రాన్సిస్టర్

తేడా ఏమీ లేదు నాయనా, నేను చెప్పకుండా వదిలేసింది నువ్వు పూర్తి చేశావు. వేగంగా మారే కరెంటు పుట్టిన చోటే తిరిగి కలవాలి. నెమ్మదిగా మారే పెద్ద కరెంటు మాత్రం ఇన్‌పుట్ దారిలో నడవకూడదు. 

అయితే బాబూ, ఇలా కట్టు. రెండు కెపాసిటర్ల మధ్య వైరు తీసేసి వెడల్పాటి రాగి పట్టీ వెయ్యి. సెంటర్ ట్యాప్ ఆ పట్టీ మీదే. పట్టీ మధ్య నుంచి రెండు మూడు సెంటీమీటర్ల చిన్న కొమ్మ లాగి, దాని చివర స్టార్ బోల్టు పెట్టు. పల్స్ పట్టీలోనే తిరుగుతుంది, కొమ్మలోకి రాదు. బోల్టుకి వచ్చేవి: రెండు బోర్డుల పవర్ గ్రౌండ్‌లు విడివిడిగా, రెండు స్పీకర్ నెగెటివ్‌లు, లూప్ బ్రేకర్ వైరు. ప్రతి బోర్డులో సిగ్నల్ గ్రౌండ్‌నీ పవర్ గ్రౌండ్‌నీ 10 ఓమ్ రెసిస్టర్‌తో కలుపు. కుడి ఎడమ షీల్డ్‌లు కంప్యూటర్ దగ్గర ఎలాగూ కలిసే ఉంటాయి, ఆ రెసిస్టర్ లేకపోతే డబ్బా లోపల వాటితో ఇంకో లూప్ తయారవుతుంది. సప్లై మూడు వైర్లూ జడలా అల్లి తీసుకెళ్లు. ఇన్‌పుట్ షీల్డ్ వైరు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎంత దూరంగా వీలైతే అంత దూరం.

#17 స్కోప్‌వాలా

వాళ్లింటికి వెళ్లి వచ్చాను. ఏం చూశామో రాస్తున్నాను.

మొదట ఏమీ మార్చకుండా పెట్టాం. 10ఎక్స్ ప్రోబ్, పొడుగు గ్రౌండ్ క్లిప్ తీసేసి చిన్న స్ప్రింగ్‌తో. కుడి అవుట్‌పుట్ మీద దాదాపు 6 వోల్టులు, శిఖరం నుంచి శిఖరం, 700 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. రేడియోలో స్టేషన్ పోవడం అందుకే. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర జోబెల్‌లోని 100 నానో కెపాసిటర్ 2.3 ఓమ్‌లే అడ్డు, కాబట్టి 2.7 ఓమ్ రెసిస్టర్ మీద వాట్ దగ్గర పడుతోంది. అది పావు వాట్ రెసిస్టర్, నల్లబడక ఏం చేస్తుంది?

తర్వాత ప్రోబ్‌ని చిప్ సప్లై కాళ్ల మీద పెట్టాం. అక్కడ కూడా అదే అల కనిపిస్తోంది. బేస్‌రిఫ్లెక్స్ గారి అనుమానం నిజమే. బోర్డు వెనక, కాళ్ల మీదే 100 నానోలు టంకం పెట్టి, 220 మైక్రోలు కలిపాం. ఆన్ చేయగానే అల పడిపోయింది, కరెంటు 310 నుంచి 52కి వచ్చింది. కానీ స్పీకర్ వైరు లాంటి లోడ్ కోసం అవుట్‌పుట్‌కి 47 నానో కెపాసిటర్ ఆనిస్తే మళ్లీ లేచింది. ఎడమ బోర్డు కూడా ఆ పరీక్షలో లేచింది! ఇన్నాళ్లూ అది అంచు మీద ఉందన్నమాట. రెండింటిలోనూ అవుట్‌పుట్ కాయిల్ లేదు, బోర్డు మీద దానికి చోటు ఉంది కానీ జంపర్ వేసి పంపారు.

#18 కొత్తగా_సోల్డర్

ఆ కాయిల్ కొనాలా అన్నా, చుట్టుకోవచ్చా? కాయిల్ అంటే ట్రెబుల్ తగ్గదా?

#19 స్కోప్‌వాలా

చుట్టుకోవడమే. డేటాషీట్ చెప్పేది 0.7 మైక్రోహెన్రీ, దానికి సమాంతరంగా 10 ఓమ్ రెసిస్టర్. 1 మిల్లీమీటర్ ఎనామెల్ రాగి తీగని 10 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద 10 చుట్లు, పక్కపక్కనే ఆనించి చుట్టి, బిట్ తీసేయండి. లెక్కకి 0.7 దగ్గరే వస్తుంది. చివర్ల ఎనామెల్ బాగా గీకి టంకం పెట్టండి. రెసిస్టర్ 2 వాట్లది. ఇనుప బోల్టు మీద చుట్టి బోల్టు లోపలే వదిలేయకండి, విలువ మారిపోతుంది, డిస్టార్షన్ వస్తుంది.

20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.7 మైక్రోహెన్రీ 0.09 ఓమ్ కూడా లేదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి ట్రెబుల్‌లో తేడా వినపడదు. మెగాహెర్ట్జ్‌లో మాత్రం అది స్పీకర్ వైరు కెపాసిటెన్స్‌ని చిప్ నుంచి విడదీస్తుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కాయిల్‌కి ముందు, చిప్ వైపు నుంచే తీసుకోవాలి. కాయిల్ తర్వాత నుంచి తీస్తే మొత్తం ప్రయోజనం పోతుంది.

#20 బేస్‌రిఫ్లెక్స్

ఇంకో మాట. ఎల్‌ఎం3886లో ఇన్సులేషన్ లేని రకం అయితే చిప్ వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. మైకా, బుష్ సరిగ్గా ఉన్నాయో లేదో హీట్‌సింక్‌కీ రేకుకీ మధ్య, హీట్‌సింక్‌కీ 4వ కాలుకీ మధ్య మీటర్‌తో చూసుకోండి. మళ్లీ విప్పి బిగించారు కాబట్టి అడుగుతున్నాను.

#21 మల్కాజిగిరి_ఆంప్

మైకా బాగానే ఉంది, హీట్‌సింక్‌కీ 4వ కాలుకీ మధ్య మీటర్ ఓపెన్ చూపిస్తోంది.

అన్నీ మళ్లీ కట్టాను. రాగి పట్టీ, కొమ్మ, స్టార్ బోల్టు, అల్లిన సప్లై వైర్లు, ఆర్‌సీఏలకి ప్లాస్టిక్ వాషర్లు, లూప్ బ్రేకర్, రెండు కాయిల్‌లు. జోబెల్‌లో 2.7 ఓమ్, 2 వాట్లది వేశాను. షార్ట్ ప్లగ్‌లు పెట్టి ఊఫర్‌కి చెవి ఆనిస్తే సన్నటి హిస్ తప్ప ఏమీ లేదు. కంప్యూటర్ పెడితే చెవి దగ్గర పెట్టినప్పుడు మాత్రం కొంచెం గుమ్మ్ ఉంది. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చాక అదీ దాదాపు పోయింది. ఎడమ 49, కుడి 51 మిల్లీఆంప్స్. స్కోప్ అన్న మళ్లీ వచ్చి 10 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పెట్టి చూశారు.

#22 స్కోప్‌వాలా

8 ఓమ్ డమ్మీ లోడ్ మీద అంచులు శుభ్రంగా ఉన్నాయి. లోడ్‌కి సమాంతరంగా 100 నానో, తర్వాత 220 నానో, తర్వాత 1 మైక్రో పెట్టి చూశాం. 220 దగ్గర ప్రతి అంచు మీద ఒక ఎగుడు, ఒక దిగుడు వచ్చి ఆగిపోతోంది. అది కాయిల్, కెపాసిటర్ కలిసి చేసే మోత. కాయిల్‌కి చిప్ వైపు ప్రోబ్ పెడితే అక్కడ అంచు నిటారుగానే ఉంది. అన్ని లోడ్‌లతోనూ కరెంటు పెరగలేదు. రెండు ఛానెళ్లూ ఒకేలా ఉన్నాయి.

#23 ఎర్త్‌పిట్

మూత వేసేముందు ప్లగ్ ఎర్త్ పిన్‌కీ రేకుకీ మధ్య రెసిస్టెన్స్, ఆడియో గ్రౌండ్‌కీ రేకుకీ మధ్య రెసిస్టెన్స్ కొలిచి చెప్పండి. ప్లగ్ సాకెట్‌లో లేకుండా కొలవండి.

#24 మల్కాజిగిరి_ఆంప్

ఎర్త్ పిన్ నుంచి రేకుకి 0.3 ఓమ్, లీడ్‌లు కలిపి పట్టుకుంటేనే 0.2 చూపిస్తోంది. మూతకి కూడా విడిగా ఎర్త్ వైరు వేశాను, అదీ అంతే. ఆడియో గ్రౌండ్ నుంచి రేకుకి 10.1 ఓమ్‌లు.